విరూపాక్షి: ఊరు, అరటి, మన చీర

నూలు ధర, రిబేటు బకాయి, సర్వసభ్య సమావేశపు తేది, ఇట్టి విషయములు వ్రాయుటయే ఈ పత్రికలో నాకు అలవాటు. ఈ మారు ఒక ఊరిని గూర్చి వ్రాయుచున్నాను. ఆ ఊరికి ప్రసిద్ధి మగ్గము వలన వచ్చినది కాదు. అయినను మగ్గము పట్టినవారు తెలిసికొనవలసిన సంగతి అచ్చట నాకొకటి కనబడినది.

తైపూసమునకు మా సంఘ సభ్యులు ఇరువదిమంది పళనికి నడచి వెళ్లిరి. నేను మరునాడు బస్సులో పోయి వారిని కలిసికొంటిని. కార్యదర్శి మోకాళ్లు కుర్చీకి అలవాటుపడినవని మావారు నవ్విరి, నవ్వనిండు. దర్శనమైన పిమ్మట పంచామృతపు డబ్బాలు కొనుచుండగా మాలో ఒక కుర్రవాడు డబ్బామీది ముద్ర చూపి, "మామా, మన చీరకు వచ్చిన గుర్తింపే దీనికీ ఉందే" అనెను. నిజమే. పళని పంచామృతమునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు పూర్వమే, 2008-09లో, అందులో పడు పండునకు వేరుగా గుర్తింపు వచ్చియున్నది. ఆ పండు పేరు విరూపాక్షి కొండ అరటి. విరూపాక్షి యనునది ఒక గ్రామము. చిన్నాళపట్టిలో సంఘపు పని యుండుటచేత నేను దిండిగల్లు వైపు పోవలసియుండెను. ఆ ఊరు దారిలోనే గలదు గనుక దిగితిని.

కోయంబత్తూరునుండి పొళ్లాచి, ఉడుమలపేట, పళనిల మీదుగా దిండిగల్లుకు, అచ్చటినుండి మధురకు ప్రయాణము చేసినవారందరును ఆ ఊరి ప్రక్కగా పోయినవారే. పళనికిని ఒట్టన్‌చత్రమునకును నడుమ ఛత్రపట్టి దాటినంతనే వచ్చును. పూర్వము మధుర జిల్లాలోనిది. 1985లో జిల్లాను విభజించినప్పుడు దిండిగల్లు జిల్లాలో చేరినది. బస్సు దిగి దక్షిణముగా తిరిగితిమా, కొండలు కంటికెదురుగా గోడ కట్టినట్లుండును. అవియే పళని కొండలు, పడమటి కనుమలనుండి తూర్పునకు చీలివచ్చిన శాఖ. కొడైకెనాలు పట్టణము ఈ కొండల శిఖర భాగమున ఏడువేల అడుగుల ఎత్తుననున్నది. దిగువ భాగమును దిగువ పళని కొండలందురు. అరటి పెరుగునది ఈ దిగువ కొండలమీద, సుమారు రెండువేల అడుగులు మొదలు ఐదువేల అడుగుల వరకు.

ఈ కొండలకు ఉత్తరముననున్న మైదానము మెట్ట భూమి. నైరుతి వాన పడమటి కనుమల కావలనే సింహభాగము కురిసిపోవును. ఇచ్చట ఐప్పసి, కార్తీక మాసములందు వచ్చు ఈశాన్యపు వానయే జనులకు ఆధారము. కొండలనుండి నంగాంజి యేరు దిగును. ఎగువన దానికి పరప్పలారు ఆనకట్ట కట్టినారు. ఊరికి చేరువలో తలైయూత్తు అను జలపాతముగా దూకి, ఉత్తరమునకు పారి, అమరావతి నదిలో కలిసి, తుదకు కావేరిని చేరును. కొండమీద చల్లదనము, క్రింద ఎండ. పైన కాఫీ, మిరియము, అరటి. క్రింద జొన్న, కూరగాయలు. ఒట్టన్‌చత్రపు కూరగాయల సంత మన తమిళనాటనే పెద్ద సంతలలో ఒకటి. ఈ రెండు సీమలకు నడుమ, కొండ సరకు క్రిందికి దిగు చోట ఊరు వెలసినది. అందుచేత పండు పండునది ఊరిలో కాకపోయినను పేరు ఊరిదే అయినది.

ఇక పేరు. విరూపాక్షుడు ఎచ్చటి దేవుడో మనకు చెప్పనక్కరలేదు. తుంగభద్ర ఒడ్డున హంపిలో వెలసిన స్వామి, విజయనగర రాజుల ఇలవేల్పు. ఆ రాజులు తమ శాసనముల చివర తమ పేరు వ్రాయక "శ్రీ విరూపాక్ష" అని చేవ్రాలు చేసెడివారు. తుంగభద్రకు ఇంత దూరమున, అరవ దేశములో, పళని కొండల పాదమున ఆ పేరు వినబడుటకు కారణము మన పూర్వుల వలసయే. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధురలో పాలన నెలకొల్పెను. అతడును అతని మంత్రి అరియనాథ మొదలియారును దేశమును 72 పాళెములుగా పంచి, మధుర కోట బురుజుల కాపుదలను ఒక్కొక్క పాళెగానికి ఒక్కొక్కటిగా అప్పగించిరని చెప్పుదురు. విరూపాక్షి ఆ పాళెములలో ఒకటి. పాళెగాండ్రలో పెక్కురు రాజకంబళమువారు, ఇంట తెలుగు మాటాడువారు. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మనయును ఆ కులమువాడే. తమ పెద్దలు వెన్నంటి వచ్చు శత్రువులకు జడిసి వచ్చుచుండగా, దారికడ్డమైన నదికి ఇరువైపుల నున్న కానుగ చెట్లు వంగి వంతెనగా నిలిచి దాటించెనని వారిలో ఒక కథ గలదు. జక్కమ్మ వారి దేవత. ఉరుము వాద్యమునకు వారు వేయు దేవరాట్టమను నృత్యమును మనలో చాలమంది పెండ్లి ఊరేగింపులలో చూచియుందురు.

నేతవారము మనము కూడ ఇంచుమించు ఆ దారినే వచ్చినాము. దేవాంగులలో తెలుగు ఇంటివారు, కన్నడ ఇంటివారు ఉభయులు కలరు. పద్మశాలీలు, జాండ్రలు వేరు. మధురలో సుంగుడి చీర అద్దు సౌరాష్ట్రులు ఇంకను దూరమునుండి వచ్చినవారు. కోటలున్నచోట గుడ్డకు గిరాకి, గిరాకి యున్నచోట మగ్గము. నాయక రాజుల కొలువు 1736లో మీనాక్షి రాణితో ముగిసినది. మగ్గములు మాత్రము ముగియలేదు.

ఊరిలో టీ అంగడి వద్ద ఒక వృద్ధుడు కూర్చుండియుండెను. నేను చరవాణిలో ఇంటితో తెలుగున మాటాడుట విని, పిలిచి, "యా ఊరప్పా మీది?" అని తెలుగుననే యడిగెను. చెప్పితిని. "నేసేవాళ్లా? కూచో" అనెను.

"ఇంట్లో ఇంకా తెలుగే మాట్లాడతారా, పెద్దాయనా?" అని యడిగితిని.

"ఆడోళ్లతో తెలుగే. పిల్లోళ్లకి అర్థమవుతాది, జవాబు మాత్రం అరవంలో చెప్తారు. రాసేదంటే మాకెవురికీ రాదు. అరవ అక్షరాల్లోనే రాసుకుంటాం. మీ ఇంట్లో?"

మా ఇంటను అంతేయని చెప్పితిని. నేను మెట్రిక్ వరకు చదివినది తమిళముననే. తెలుగు లిపి మా తాత వద్ద ఇసుకలో నేర్చినది. ఈ పత్రిక తెలుగున చదువువారు ఏటేట ఎందరు తగ్గుచున్నారో చందా పుస్తకమే చెప్పును.

ఆ ఊర గోపాల నాయకుని మణిమండపము గలదు. ఆయన చరిత్ర మన పిల్లలకు బడిలో నాలుగు పంక్తులలో చెప్పి విడుతురు గనుక ఇచ్చట కొంచెము విపులముగా వ్రాయుచున్నాను. 1772లో కుంఫిణీ సేనయు ఆర్కాటు నవాబు సేనయు కాళయార్‌కోవిలు వద్ద శివగంగ రాజును చంపగా, ఆయన రాణి వేలు నాచ్చియారు కూతురితో తప్పించుకొని వచ్చి ఎనిమిదేండ్లు తలదాచుకొనినది ఈ విరూపాక్షి పాళెముననే. హైదరలీ అండతో 1780లో ఆమె తన రాజ్యము తిరిగి పొందెను. 1792 శ్రీరంగపట్టణపు సంధితో దిండిగల్లు సీమ కుంఫిణీ వశమైనది. 1799లో టిప్పు సుల్తాను మరణించినాడు, కోయంబత్తూరును పోయినది. అదే యేడు అక్టోబరు 16న కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీసిరి.

అప్పుడు గోపాల నాయకుడు మైసూరు సీమలోని ధోండియా వాగుతోను, శివగంగ మరుదు సోదరులతోను, మలయాళ దేశపు కేరళవర్మతోను రాయబారములు నడపెను. 1800 ఏప్రిలులో ఈ పళని కొండలలోనే కూటమివారు సమావేశమైరి. జూన్ 3న కోయంబత్తూరు కోటలోని గుర్రపు దండుపై పడవలెనని తలచిరి. రహస్యము ముందుగా బయటపడి, ప్రయత్నము విఫలమైనది. పట్టుబడినవారిలో నలుబది ఇద్దరిని ఉరితీసిరి. మరుసటి యేడు, 1801లో, విరూపాక్షి కుంఫిణీ చేతబడినది. గోపాల నాయకుని పట్టుకొని ఉరివేసి, పాళెమును జప్తు చేసిరి. మరుదు సోదరులకును ఆ యేడు అక్టోబరు 24న తిరుప్పత్తూరులో అదే గతి పట్టినది. ఈ పోరాటమును కె. రాజయ్యన్ గారు 1971లో ప్రకటించిన తమ గ్రంథమున మన దేశపు మొదటి స్వాతంత్ర్య యుద్ధమని పేర్కొనిరి. మీరటు సిపాయీలు తిరుగబడుటకు ఇది ఏబదియారేండ్లు ముందు.

పాళెము పోయినది. దొరతనము పోయినది. ఆ తరువాత ఊరి పేరును దేశముమీద తిప్పినది అరటి గెల.

ఈ పండును మన ఇండ్లలో కొండపండందుము. క్రింద కాలువ నీటికి పెరుగు అరటి వలె గాక ఇది వానకే పెరుగును. ఒకమారు నాటిన తోట ఏండ్ల తరబడి పిలకలు వేయుచు నిలుచును. కాఫీ మొక్కలకు నీడయిచ్చును. పండిన పిమ్మట తొక్క నల్లబడి ముడుతలు పడును. తెలియనివారు కుళ్లినదని పారవేయుదురు. లోపలి గుజ్జు మాత్రము చెడదు. అందు తడి తక్కువ, వాసన యెక్కువ. పళని పంచామృతమున బెల్లము, తేనె, నేయి, ఖర్జూరము, కలకండ, ఏలకులు పడును. నీటిబొట్టు పడదు. అందుచేతనే అది నిలువయుండును. నీరు హెచ్చుగానున్న పండు వేసిన యెడల రెండు దినములకే పులిసిపోవును. కాబట్టి గుడి ప్రసాదమునకు ఈ కొండ పండే తగినది.

అట్టి పండు మా కాలముననే ఇంచుమించు అంతరించునంత పనియైనది. 1960, 70 దశకములలో వెర్రితల తెగులు కొండలనిండ వ్యాపించినది. ఈ తెగులు తగిలిన చెట్టున ఆకులు సాగక, నెత్తిన గుత్తిగా ముడుచుకొని నిలుచును. గెల వేయదు. కంటికి కనబడని వైరసు దీనికి మూలము, దానిని మోయునది పేనుబంక. అయితే కొండనుండి కొండకు దానిని చేరవేసినది పేనుబంక మాత్రమే కాదు. తెగులు పైకి కనబడకముందు పిలకలు త్రవ్వి, బంధువులకును ఇరుగుపొరుగువారికిని ఇచ్చిన రైతులు తామే దానిని మోసికొనిపోయిరి. సుమారు 18,000 హెక్టార్లలో నున్న కొండ అరటి 2,000 హెక్టార్లకు పడిపోయినది. తరువాత కోయంబత్తూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు, కొండమీద తడియన్‌కుడిశైలోని తమ పరిశోధనా కేంద్రముతో కలిసి, తెగులు లేని చెట్టు మొవ్వునుండి గాజుసీసాలలో మొలకలు పెంచి రైతులకిచ్చిరి. కొంత తోట తిరిగి లేచినది. పూర్వపు విస్తీర్ణము రాలేదు.

వృద్ధుడు చెప్పిన మాట ఇచ్చట వ్రాయవలె. "తెగులు ఒక పక్కనప్పా. పండు తక్కువైనాక ఏం చేసినారు తెలుసునా? కింద పండినదాన్ని కొండపండని పేరు చెప్పి అమ్మేసినారు. మావాళ్లే. తిన్నోడికి తెలీదా? తెలిసిపోయింది. మళ్లా నిజమైన పండు తీసుకుపోయినా నమ్మేవోడు లేడు."

ఆ మాట విని నేను టీ గ్లాసు క్రింద పెట్టితిని. ఎందుకనగా నా బీరువాలో ఒక చీరయున్నది. ఆ సంగతి తరువాత చెప్పుదును. ముందు ఫ్రాన్సు దేశపు ఊరొకటి చూడవలసియున్నది.

ఫ్రాన్సు దక్షిణ భాగమున రోక్‌ఫోర్ అను పల్లె గలదు. వేయిమంది జనము కూడ లేరు. కొంబాలూ అను సున్నపురాతి కొండ పూర్వమెన్నడో విరిగి జారినది. ఆ రాళ్ల నడుమ గుహలు, గుహలలో చీలికలు. వానినుండి తేమయు చల్లదనమును గల గాలి యేడాది పొడుగున వీచుచుండును. గొఱ్ఱెపాలతో చేసిన జున్నుగడ్డను ఆ గుహలలో నిలువబెట్టినచో నీలపు బూజు పట్టి ఒక విచిత్రమైన రుచి వచ్చునట. నేను తినలేదు, తినబోను గూడ. అది వేరు. 1411లోనే వారి రాజు ఆరవ ఛార్లెస్ ఆ పల్లెవారికి ఈ జున్నుపై ప్రత్యేకమైన హక్కునిచ్చెను. 1925లో ఫ్రాన్సు ప్రభుత్వము చట్టము చేసినది. పాలు చుట్టుపట్ల సీమలనుండి రావచ్చును గాని, ఆ గుహలలో మాగనిదానికి రోక్‌ఫోర్ అను పేరు పెట్టరాదని అందులోని సారము. మన దేశమున 1999లో చేసి 2003లో అమలుపరచిన భౌగోళిక గుర్తింపు చట్టమునకు ఇట్టివే మాతృకలు. ఆ చట్టము క్రింద నేతలో మొదటగా పోచంపల్లి ఇక్కతు నమోదైనది. మధుర సుంగుడికి 2005లో వచ్చినది. తరువాత కోవై కోరా నూలుకు, 2023లో మన నెగమం నూలు చీరకు.

నెగమం సంగతియు విరూపాక్షి వంటిదే. పొళ్లాచి తాలూకాలోని చిన్న ఊరు. చీర నేయునది ఆ ఊర మాత్రమే కాదు, చుట్టునున్న పల్లెలన్నిటను నేయుదురు. పేరు మాత్రము నెగమము. నిండు రంగులు, గళ్లు, ఎదురు రంగు అంచు. ఉతికిన కొలది మెత్తబడునుగాని పోగు జారదు. కొంగు నీడలో ఆరవేయవలెనని చెప్పిన మాట వినిన ఇల్లాలు పదియేండ్లు కట్టును.

ఇప్పుడు నా బీరువాలోని చీర. ఒక దీపావళికి ఊరి బయటి కొట్టునుండి మాకు పెద్ద ఆర్డరు వచ్చినది. మా మగ్గములు అంత నేయజాలవు. పండుగ నెలలో వానలు, పడుగుకు గంజి పెట్టి వీధిలో ఆరవేయుటకు ఎండ లేదు. ఆర్డరు పోవునేమోయని భయపడి, పాలకవర్గపు చెవిలో వేసి, మరమగ్గముమీద దిగిన గళ్ల చీరలు నలుబది కొని, మా కట్టలలో కలిపి పంపితిమి. సంఘపు చీటీ వాటికిని అంటించినది నా చేతులతోనే. తై నెలలో ఒక ముసలమ్మ మా కార్యాలయమును వెదకికొని బస్సులో వచ్చి చీర బల్లమీద పెట్టినది. రంగు కారినది, అంచు వద్ద పిగిలినది. ఆమె కోపపడలేదు. "మీ నాయన కాలంలో కొన్న చీర ఇంకా కడతా ఉండా, ఇది చూడు నాయనా" అని మాత్రము అనినది. డబ్బు తిరిగి యిచ్చితిమి. ఆమె మరల రాలేదు. చీర బీరువాలో నున్నది. ఆడిటు వారడిగినను చూపలేదు, ఈనాడు మీకు చెప్పుచున్నాను.

మరమగ్గమువారిని తిట్టుట మనకు సులభము. వారిని అడ్డుటకు 1985 నాటి చేమగ్గపు రిజర్వేషను చట్టమున్నది. మొదట 22 రకములు చేమగ్గమునకు కేటాయించి తరువాత 11కు తగ్గించిరి. గుర్తింపు పొందిన పేరును అన్యాయముగా వాడుకొనువారికి 1999 చట్టము క్రింద ఆరు మాసములు మొదలు మూడేండ్ల వరకు ఖైదు, ఏబది వేలనుండి రెండు లక్షల వరకు జుల్మానా గలవు. అయితే ఈ చట్టములు బయటివాని చేయి పట్టుకొనుటకు పనికివచ్చును. తెగులున్న పిలకను తానే త్రవ్వి పొరుగువానికిచ్చు రైతును ఏ చట్టము ఆపగలదు?

చాలమంది సభ్యులకు తెలియని విషయ మొకటి. నెగమం చీరకు గుర్తింపు వచ్చినదన్నంతమాత్రమున ప్రతి నేతగానికిని ఆ ముద్ర వాడు హక్కు రాదు. నేయువాడు తన పేరున అధికృత వినియోగదారుగా చెన్నపట్టణములోని రిజిస్ట్రీయందు నమోదు చేసికొనవలెను. పూర్వము దీనికి రుసుము ఐదువందలుండెను. 2020లో నియమములు సవరించి పది రూపాయలు చేసిరి. పది రూపాయలకు టీయు వడయు రావు. అయినను మా సంఘమున ఇంతవరకు దరఖాస్తు పెట్టినవారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. "ముద్రుంటే కూలి పెరుగుతుందా?" అని అడుగుదురు. పెరుగునని నేను మాటయివ్వజాలను. పేరు నమోదైన పిమ్మట ఆ నేతగాని చీర ఏ మగ్గముమీద దిగినదో చెప్పవలసివచ్చును, అందుచేతనే కొందరు జంకుచున్నారని నా యనుమానము. మొదట జంకవలసినవాడను నేనే గనుక మొదటి దరఖాస్తు నా పేరున, నా ఇంటి మగ్గమునకు పెట్టితిని.

విరూపాక్షినుండి వచ్చునప్పుడు వృద్ధుడు ఒక చీపు కొండపండ్లు కొనిపించెను. తొక్క నల్లబడువరకు ఆగుమని మరిమరి చెప్పెను. ఐదవ దినమున తిన్నాము. కార్యాలయము నిండ వాసన.

దరఖాస్తు ఫారములు సంఘ కార్యాలయమున నా వద్ద గలవు. మగ్గమున్న ఇంటి చిరునామా, గుర్తింపు కార్డు నకలు తీసికొని సాయంకాలము నాలుగు గంటలకు పైని రావలెను. వ్రాయుట రానివారికి నేను వ్రాసి పెట్టుదును. మరమగ్గపు చీరలు మరల కొనరాదను తీర్మానము రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో మూడవ అంశముగా చేర్చబడినది. ఆ చీరను ఆనాడు బల్లమీద ఉంచెదను.